మూడు కట్టడలు



ఫిబ్రవరి వచ్చిందంటే మన మందిరంలో స్త్రీలు కూర్చునే వైపు సగం ఖాళీ. ఆ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. మిరప కోత మొదలైతే ఆదివారం అని చేను ఆగదు. చెట్టు మీద పండిన కాయ తాలు అవుతుందని రైతు భయం, ఈ రెండు నెలల కూలితోనే ఏడాది అప్పు తీరాలని కూలికి వెళ్లే తల్లుల భయం. ఉదయం ఆరు గంటలకే ఆటో వచ్చి రామాలయం దగ్గర ఆగుతుంది. పదిమంది పట్టే ఆటోలో ఇరవై మంది ఎక్కి, అన్నం క్యారేజీలు ఒళ్ళో పెట్టుకొని వెళ్ళిపోతారు. మేము గంట కొట్టేసరికి ఊళ్ళో ఉండేది ముసలివారు, చంటిపిల్లల తల్లులు, సెలవుకు వచ్చిన విద్యార్థులు.

మొన్న ఒక ఆదివారం మాకు కోపం వచ్చింది. దానియేలు 1వ అధ్యాయం తీసి, రాజు భోజనంతో తన్ను అపవిత్రపరచుకోనని నిశ్చయించుకున్న ఆ యౌవనుని గురించి గంటసేపు చెప్పాం. చెప్పే ఊపులో, డబ్బు కోసం ప్రభువు దినాన్ని అమ్ముకుంటున్నారని కూడా అన్నాం. ఆ సాయంత్రం ఒక పెద్దమ్మ మా ఇంటి అరుగు మీదకు వచ్చి కూర్చుంది. కోపంగా ఏమీ లేదు. "అయ్యగారూ, దానియేలు కూర వద్దంటే పప్పు పెట్టారు గదా. మేము ఆదివారం రామంటే మేస్త్రి సోమవారం కూడా పిలవడు. మాకు పప్పు ఎవరు పెడతారు?" అంది. పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది మాకు. జవాబు చెప్పలేదు. పోనీ మన పెద్దలు ఏం చేశారో చూద్దామని ఆ వారమంతా మన సంఘ చరిత్ర తిరగేశాం. అందులో కనిపించింది మీతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు.

మన ఈ నల్లరేగడి నేలకు ప్రొటెస్టంటు సువార్త రెండు దారుల్లో వచ్చింది. గుంటూరుకు 1842 జూలై 31న ఫాదర్ హయ్యర్ వచ్చి లూథరన్ పని మొదలుపెట్టారు. ఒంగోలు వైపు నెల్లూరు నుండి అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. ఇప్పటి ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది గాని, ఆనాటికి ఒంగోలు నెల్లూరు జిల్లాలోదే. 1854 జనవరి 1న తెల్లవారకముందే జూవెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ఈ ఊరికి సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఇప్పటికీ దాన్ని ప్రేయర్ మీటింగ్ హిల్ అనే పిలుస్తున్నాం. ఆ ప్రార్థనకు జవాబు రావడానికి పన్నెండేళ్లు పట్టింది. 1866 సెప్టెంబరులో జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు కుటుంబంతో ఒంగోలులో కాపురం పెట్టారు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో అక్కడ సంఘం ఏర్పడింది. ఎనిమిదే.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు మనం దొరలతో మొదలుపెట్టి దొరలతోనే ముగిస్తాం. అది మనకు అలవాటైపోయింది. అసలు కథ యెర్రగుంట్ల పేరయ్యగారిది.

పేరయ్యగారిది ఒంగోలుకు పడమరగా ఉన్న తాళ్లకొండపాడు. మాదిగ కులం, తోళ్ల వ్యాపారం. క్రైస్తవం వినకముందే ఆయన దేవుణ్ణి వెదకిన మనిషి. గురువు దగ్గర యోగం నేర్చుకొని తానే కొందరికి గురువైనవాడు. తోళ్లు కొనడానికి ఉత్తరంగా వెళ్ళినప్పుడు ఏలూరులో అలెగ్జాండర్ అనే మిషనరీ బోధ విన్నారు. విని ఊరికి వచ్చి ఊరుకోలేదు. ఎవరూ పంపకుండానే, జీతం లేకుండానే, తన బంధువుల పల్లెలకు నడిచి చెప్పడం మొదలుపెట్టారు. భార్యతో కలిసి జూవెట్ దొరగారి చేత బాప్తిస్మం పొందారు. 1867 జనవరిలో క్లౌ దొరగారు ఆ ఊరి దగ్గర చింతతోపులో గుడారం వేసుకునేసరికి, పేరయ్యగారి మాట విని చుట్టుపక్కల పల్లెల నుండి జనం మూటలు కట్టుకొని వచ్చి కూర్చున్నారు. ఆ కూటాల చివర 28 మంది బాప్తిస్మం పొందారు. అందరూ పేరయ్యగారి ద్వారా విన్నవారే.

అలా చేరినవారికి అక్షరం రాదు. బైబిలు చదవలేరు. విశ్వాస ప్రమాణాలు కంఠస్థం చేయించే తీరిక ఎవరికీ లేదు. అందుకని పవిత్రంగా బ్రతకడమంటే ఏమిటో మూడు ముక్కల్లో చెప్పారు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. విగ్రహాలకు మ్రొక్కవద్దు.

ఇంతేనా అనిపిస్తుంది. మాకు సెమినరీలో మూడు సంవత్సరాలు నేర్పిన నీతిశాస్త్రం ముందు ఇవి చిన్నపిల్లల పలక మీద రాసినట్టుంటాయి. కానీ ఆ మూడింటినీ పల్లెలోకి తీసుకువెళ్లి పెట్టి చూడండి.

ఆ రోజుల్లో మాదిగ అంటే ఊరికి పుట్టుకతోనే పనివాడు. రైతు బావికి నీళ్ళు తోడే కపిల బాన తోలుతోనే తయారవుతుంది, ఎద్దుల పట్టెడలు తోలువే, రైతు కాలి చెప్పులూ అంతే. అందుకు ప్రతిఫలం డబ్బు కాదు. పంట కల్లంలో కొలిచే మేర. దానికి తోడు, ఊళ్ళో గొడ్డు చస్తే ఎత్తుకెళ్ళే హక్కు. తోలు తీసి పని చేసి ఇవ్వాలి, మాంసం తినాలి. దాన్ని హక్కు అన్నారు గాని, అది ఒక తాడు. మేర తక్కువ కొలిచినా అడగలేడు, ఎందుకంటే గొడ్డు ఇస్తున్నాం గదా అంటారు. చచ్చిన గొడ్డును తింటాడు గనుక వాణ్ణి దూరం పెట్టాలంటారు. దూరం పెట్టారు గనుక వాడికి ఇంకో పని లేదు, ఆ గొడ్డే గతి.

ఇలాంటి చోట ఒక మనిషి నిలబడి, అయ్యా, ఇక మీదట నేను చచ్చినదాన్ని తినను అన్నాడంటే అది భోజనం సంగతి కాదు. ఆ కట్టడలో తోలు పని మాట లేదు. పేరయ్యగారు తోళ్ల వ్యాపారే. బీదవాని కూరలోకి తొంగిచూసి తప్పు పట్టడానికి చేసింది కూడా కాదు ఈ కట్టడ. నోట్లోకి పోయేది మనిషిని అపవిత్రం చేయదని మార్కు 7వ అధ్యాయంలో ప్రభువే తేల్చేశారు. ఎవరు ఏ మాంసం తింటారో అని ఈ రోజుల్లో లెక్కలు తీసేవారితో మనకు పొత్తు లేదు. మన పెద్దలు వదిలింది మాంసాన్ని కాదు, ఆ తాడును. దాదాపు అరవై ఏళ్ల తర్వాత 1927లో మహాడ్‌లో అంబేద్కర్‌గారు తన ప్రజలతో చచ్చిన గొడ్డు మాంసం మానేయమని చెప్పారు. ఆ మాటను తాళ్లకొండపాడు చుట్టుపక్కల పల్లెల్లో చదువురాని మన తాతలు అప్పటికే ఆచరించి చూపారు. ఈ సంగతి మన యవ్వనస్థులకు ఎవరైనా చెప్పారా?

విగ్రహాల కట్టడా అంతే. జాతరకు డప్పు కొట్టవలసినవాడు మాదిగే. అతని డప్పు లేకుండా అమ్మవారు కదలదు. నేను మ్రొక్కను అంటే ఊరు పట్టించుకునేది కాదేమో, నేను డప్పు కొట్టను అనేసరికి ఊరంతా పట్టించుకుంది. ఆదివారం పనికి రానన్నప్పుడూ అదే. ఎల్లకాలం ఊరి సొత్తుగా ఉన్న ఒంటికి వారంలో ఒక రోజు యజమాని మారాడు. కోతల కాలంలో ఆ మాట విన్న పెద్ద రైతుకు ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఫలితం మన పెద్దలకు వెంటనే తెలిసింది. కరణాలు, మునసబులు పగబట్టారు. మేర ఆపారు. వెట్టికి లాక్కెళ్ళారు. అంగట్లో సరుకు ఇవ్వవద్దన్నారు. కొట్టినచోట కొట్టారు, దొంగతనం అంటగట్టినచోట అంటగట్టారు. అయినా ఆ పల్లెల్లో చాలామంది నిలబడ్డారు. ఎలా నిలబడ్డారు అన్నదే మమ్మల్ని ఆ వారమంతా వెంటాడిన ప్రశ్న. మాకు తోచిన జవాబు ఒకటే. వారిలో ఎవరూ ఒంటరిగా నిలబడలేదు. కుటుంబాలు కుటుంబాలుగా, చుట్టరికాలతో సహా వచ్చారు. ఒకరి పొయ్యి వెలగకపోతే పక్క ఇంటి గంజి ఉంది. ఒకరు తినకపోతే ఊరు వాణ్ణి వెక్కిరిస్తుంది, పల్లె మొత్తం తినకపోతే ఊరు ఆలోచనలో పడుతుంది. దానియేలుకు కూడా ముగ్గురు స్నేహితులు ఉన్నారు కదా. మేము ఆ ఆదివారం గంటసేపు బోధించి ఆ ముగ్గురి పేర్లు ఒక్కసారైనా పలకలేదు.

పెద్దమ్మ అడిగిన పప్పు అక్కడ ఉంది.

శోధన కూలివారికే వస్తుందనుకోకండి. ఆ తొలి రోజుల్లోనే క్లౌ దొరగారికీ ఒకటి వచ్చింది. ఒంగోలులోని పెద్ద కులాలవారు, వీళ్ళను చేర్చుకుంటే మేమెవరమూ నీ దగ్గరికి రాము అన్నారు. గౌరవం గల సంఘం కావాలా, చెప్పులు కుట్టేవారి సంఘం కావాలా? ఆయన ఒక గదిలో, భార్య హేరియట్ అమ్మగారు ఇంకో గదిలో, ఒకరికొకరు తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోట తెరుచుకుందట. 1 కొరింథీయులకు 1:26 నుండి, లోకం వెర్రివారనీ బలహీనులనీ ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకున్న సంగతి. ఇద్దరూ ఆ వచనాలు ఒకరికొకరు చూపించుకొని మౌనంగా ఉండిపోయారని ఆ కుటుంబం చెప్పుకున్న మాట. ఆనాడు వారు గౌరవాన్ని ఎంచుకొని ఉంటే ఇది రాస్తున్న మేమూ లేము, చదువుతున్న మీలో చాలామందీ లేరు.

ఇక్కడ మా సంగతి ఒకటి చెప్పకపోతే ఈ రాత అబద్ధమవుతుంది. మూడేళ్ళ కిందట పాస్టరుగారి జీతంతో ఇల్లు గడవక, మేము ఒక ఎకరం కౌలుకు తీసుకొని మిరప వేశాం. కాయ బాగా వచ్చింది. టిక్కీలకు ఎత్తే ముందు రోజు రాత్రి, ఎండిన కాయ పిండి కాకుండా కల్లంలో కాస్త నీళ్ళు చల్లడం మీకు తెలిసిందే. అది తప్పు కాదు. పక్క కల్లం ఆయన వచ్చి, "ఇంకో రెండు బిందెలు పడనీయండి అయ్యగారూ, అందరూ కొట్టేదే గదా" అన్నాడు. మేము వద్దనలేదు. రెండు బిందెలు పడ్డాయి. గుంటూరు యార్డులో కాటా మీద ఎంత ఎక్కువ తూగిందో మాకు తెలుసు. దొంగ త్రాసు దేవునికి హేయమని సామెతల గ్రంథం నుండి మేము ఎన్నిసార్లు చెప్పామో మీకూ తెలుసు. ఆ డబ్బుతో పిల్ల ఫీజు కట్టాం. ఆ తర్వాతి ఆదివారమే బల్ల ముందు నిలబడి రొట్టె విరిచాం. ఎవరికీ తెలియలేదు.

ఎవరికీ తెలియకపోవడమే మాకు అప్పుడు హాయిగా అనిపించింది. పేరయ్యగారి పల్లెవారి మూడు కట్టడలూ ఊరందరికీ కనిపించేవి. తిన్నావో లేదో, డప్పు కొట్టావో లేదో, ఆదివారం చేలో ఉన్నావో లేదో కళ్ళకు కనిపిస్తుంది. దాచుకునే వీలు లేదు. మన శోధనలు దాచుకునే వీలున్నవి. కల్లంలో నీళ్ళు, పత్తి బోరెంలో తడి, ఫోనులో రాత్రి పూట చూసేవి, బెల్టు షాపు వెనక తలుపు, వడ్డీ లెక్కలో ఒక రూపాయి. ఆదివారం కూలికి వెళ్ళిన స్త్రీ పాపం అందరికీ కనిపించింది గనుక మేము దాని మీద బోధించాం. మా రెండు బిందెల మీద ఇంతవరకూ బోధించలేదు. ఇదిగో, ఇప్పుడు రాశాం.

పైకి కనిపించని పవిత్రత ఎంత కష్టమో ఆ పెద్దలకు కూడా ఒకసారి పరీక్ష వచ్చింది. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిని ఊపేసిన ధాత కరువు. వానలు పోయాయి, గొడ్లు పోయాయి, మనుషులు లక్షల్లో పోయారు. క్లౌ దొరగారు మిషనరీ కాకముందు అమెరికాలో భూమి కొలిచే సర్వేయరు. ఆ పనితనం ఇక్కడ అక్కరకు వచ్చింది. అప్పుడు తవ్విస్తున్న బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ ముక్కను ఆయన కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలిగొన్నవారికి పని పెట్టారు. మగవారు గునపాలతో తవ్వితే ఆడవారు గంపలతో మట్టి మోశారు. క్రైస్తవుడా కాదా అని కూలి ఇచ్చేటప్పుడు చూడలేదు. మన తెలుగు బోధకులే పని మీద మేస్త్రీలు. మధ్యాహ్నం పని ఆపి కూర్చున్నప్పుడు, ప్రయాసపడి భారం మోసేవారిని తన దగ్గరకు రమ్మని యేసు పిలిచిన మత్తయి 11:28 మాట చెప్పేవారు. నెత్తి మీద మట్టి గంప దించి కూర్చున్నవారికి ఆ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

జనం విన్నారు. బాప్తిస్మం ఇవ్వమని వేలల్లో అడిగారు. క్లౌ దొరగారు ఇవ్వలేదు.

ఈ మాట దగ్గర కొంచెం ఆగండి. ఈ తెలుగు మిషన్ అమెరికావారికి ఏళ్ల తరబడి ఫలం లేని మిషన్. దీన్ని మూసేద్దామా అనే చర్చ అక్కడ ఒకసారి కాదు, పలుమార్లు జరిగింది. అలాంటి చోట పనిచేసే సేవకుని చేతికి వేల సంఖ్య వచ్చి, నన్ను రాసుకో అంటోంది. సంఖ్యలు రాసి పంపడం ఎంత తీపిగా ఉంటుందో రిపోర్టులు రాసే ప్రతి పాస్టరుకూ తెలుసు. అయినా 1877 మార్చి నుండి 1878 జూన్ వరకు, దాదాపు 15 నెలలు, ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. బియ్యం కోసం వచ్చేవారెవరో, ప్రభువు కోసం వచ్చేవారెవరో తేలేదాకా ఆగాలన్నదే కారణం. అన్నం మాత్రం ఆపలేదు. అన్నం పెట్టి, నీళ్ళు ఆపారు. మనమైతే తరచు దీనికి తిరగేసి చేస్తాం.

1878 మధ్యకు వచ్చేసరికి సహాయ నిధులు అయిపోతున్నాయి. ఒంగోలుకు ఉత్తరంగా, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర బోధకులను కలుసుకుందామని ఆయన కబురు పెట్టారు. వద్దన్నా జనం వచ్చేశారు. ఇక నా దగ్గర ఇవ్వడానికి ఏమీ లేదు, తిరిగి వెళ్ళండి అని చెప్పారు. వారు చేతులు చాచి కాయలు కాసిన అరచేతులు చూపించారట. మేము సహాయానికి రాలేదు, పని చేసుకునే బ్రతుకుతాం, వచ్చే పంట కూడా పోతే చస్తాం, చచ్చేదేదో క్రైస్తవులుగా చస్తాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నది వారి మాటల సారం. అప్పుడు ఆయనకు కాదనడానికి నోరు రాలేదు.

అయినా గుంపుగా నీళ్ళలోకి దించలేదు. ఏ పల్లెవారిని ఆ పల్లె బోధకుడు ఎరిగి ఉండాలి. వీడు నిజంగా మారాడా, మూడు కట్టడలూ పాటిస్తున్నాడా అని అడిగి, ఒక్కొక్కరి పేరు రాశారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536. ఆ రెండో రోజు ఆరుగురు తెలుగు బోధకులు, ఒకేసారి ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి, అలసిన జంట స్థానంలో ఇంకో జంట వచ్చి, పొద్దుగూకేదాకా బాప్తిస్మం ఇచ్చారు. దొరగారు గట్టు మీదే ఉన్నారు. ఆ ఏడాది చివరికి, జూన్ నడిమి నుండి లెక్కపెడితే, 9,606 మంది.

ఆ 2,222 సంఖ్యను మన కన్వెన్షన్లలో గర్వంగా చెప్పుకుంటాం. దానికి ముందున్న 15 నెలల సున్నాను ఎవరూ చెప్పరు. మాకు ఇప్పుడు ఆ సున్నానే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తోంది.

పెద్దమ్మకు మేము ఇంకా జవాబు బాకీ. పోయిన నెల సంఘ పెద్దలతో కూర్చున్నాం. మేస్త్రితో మాట్లాడుదాం, మన పల్లె మొత్తం ఆదివారం రామని చెబుదాం అని ఒకరన్నారు. ఇంకొకరు, మనం రాకపోతే పక్క ఊరి ముఠా వస్తుంది, మన పొయ్యిలే ఆరతాయి అన్నారు. రెండూ నిజమే. పేరయ్యగారి పల్లెకు పక్క ఊరి ముఠా భయం లేకపోయి ఉండవచ్చు. చివరికి రెండు పనులు చేశాం. కోతల కాలంలో ఆదివారం పని మానుకున్న ఇంటికి ఆ రోజు కూలిలో సగం ఇవ్వడానికి, విత్తనాల పండుగ కానుకల నుండి కొంత పక్కన పెట్టాం. ఆ పెట్టెలో మొదట వేసిన డబ్బు మేమిద్దరం వేసినది. రెండు బిందెల నీళ్ళ బరువుకు ఆనాటి ధర కట్టి, యార్డులో ఆ సరుకు కొన్నాయన ఎవరో ఇప్పుడు తెలియదు గనుక, ఇక్కడ వేశాం. ఇలా వేయడం సరైనదో కాదో దైవజనులు ఎవరైనా చెబితే వింటాం.

వెళ్లక తప్పనివారి కోసం తెల్లవారుజామున నాలుగున్నరకు ఆరాధన పెట్టాం. ఇది కట్టడను నిలబెట్టడమో, సడలించడమో మాకు ఇంకా తేల్చుకోవడం కాలేదు. మొదటి వారం పద్నాలుగు మంది వచ్చారు. మందిరం మెట్ల మీద క్యారేజీలు వరుసగా పెట్టి లోపలికి వచ్చారు. ఆశీర్వాదం చెప్పేలోపే రామాలయం దగ్గర ఆటో హారన్ కొట్టింది. ఎవరూ లేవలేదు. రెండోసారి కొట్టింది. పెద్దమ్మ కళ్ళు తెరవకుండానే చేయి ఎత్తి, ఆగమన్నట్టు తలుపు వైపు ఊపింది.